సెలవుల్లేని లెక్క

తిరుపతిలో లిథియం సెల్లు: పొర మీద పొర పేర్చే పని

బ్యాటరీల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్ళిపోవాలి, రోబో చేతుల బొమ్మ పెద్దదిగా పడాలి అన్నారు ఎడిటర్ గారు. రోబోల సంగతేమో గానీ, నన్ను కట్టిపడేసింది ఒక ప్రభుత్వ ప్రకటన. 2022 సెప్టెంబరులో కేంద్ర సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ తిరుపతి వచ్చారు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ క్లస్టరులో చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ కట్టిన లిథియం సెల్ ఫ్యాక్టరీని ఆయన చూసినప్పుడు వెలువడిన ప్రకటన అది. ఖర్చు 165 కోట్లు. స్థాపిత సామర్థ్యం 270 మెగావాట్ అవర్లు. 10 ఆంపియర్ అవర్ల సెల్లు రోజుకు 20,000.

కాగితం మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు అంకెలనూ గుణించి చూడబుద్ధయింది. లిథియం సెల్లుకు సగటున 3.7 వోల్టులు. పదితో గుణిస్తే సెల్లుకు 37 వాట్ అవర్లు. ఇరవై వేల సెల్లకు 740 యూనిట్లు. దాన్ని 365తో గుణిస్తే 270 మెగావాట్ అవర్లు, కాస్త అటూ ఇటూ కూడా లేకుండా! అంటే ఈ లెక్కలో ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, గంగజాతర లేదు. మిషన్ మరమ్మతు లేదు, పారేసిన సెల్లు ఒక్కటీ లేదు. స్థాపిత సామర్థ్యం అనే మాటకు అర్థమే అది కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. కాకపోతే ఈ అంకెను ఏడాది దిగుబడిగా చదువుకునే అలవాటు మనకుంది, పత్రికలవాళ్ళకు మరీ.

అదే కాగితంలో ఇంకో వాక్యం: ఈ సెల్లు పవర్ బ్యాంకులకు, దేశ అవసరంలో ఇది 60 శాతం దాకా. అలాగైతే దేశం మొత్తానికి రోజుకు ముప్పైమూడు వేలు చాలన్నమాట. 140 కోట్ల మందికి! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ ప్రకటనే చెప్పినట్టు అప్పటికి మన లిథియం సెల్లన్నీ చైనా, దక్షిణ కొరియా, వియత్నాం, హాంకాంగ్‌ల నుంచి దిగుమతి అవుతున్నవే. తయారై వచ్చేసిన పవర్ బ్యాంకులను కలపకుండా వేసిన లెక్కేమో.

ఇంతకీ ఆ పది ఆంపియర్ అవర్లను ఒక్క సెల్లులో ఎలా ఇరికిస్తారు? పలచని అల్యూమినియం రేకుకు రెండువైపులా లిథియం సమ్మేళనం పూస్తే పాజిటివ్ ప్లేటు. రాగి రేకుకు గ్రాఫైట్ పూస్తే నెగటివ్ ప్లేటు. ఒక చదరపు సెంటీమీటరు పూత సుమారు 3 మిల్లీఆంపియర్ అవర్లు ఇస్తుందనుకుందాం. అరచేయంత, అంటే 55 చదరపు సెంటీమీటర్ల ప్లేటు రెండు ముఖాలా కలిపి 330 ఇస్తుంది. పది వేలు కావాలంటే ముప్పై పాజిటివ్ ప్లేట్లు పేర్చాలి. వాటి మధ్య ప్లాస్టిక్ పొర, సెపరేటర్, చీర కుచ్చిళ్ళలా ఇటొక మడత అటొక మడత వేస్తూ పోతుంది. ఒక మడతలో పాజిటివ్, తరువాతి మడతలో నెగటివ్. అంతా కలిపి మందం ఒక సెంటీమీటరు చుట్టుపక్కల.

ఇక్కడే అసలు విద్య ఉంది. నెగటివ్ ప్లేటు నాలుగు అంచులా పాజిటివ్ కన్నా కొంచెం పెద్దదిగా ఉండాలి. పేర్పుకు రెండు చివరలా ఉండాల్సిందీ అదే. పాజిటివ్ అంచు బయటికి జరిగిందా, ఛార్జింగులో అటునుంచి వచ్చిన లిథియానికి గ్రాఫైట్‌లో చోటు దొరకదు. అక్కడే లోహంగా పేరుకుని సూదుల్లా పెరిగి సెపరేటర్‌ను పొడుస్తుంది. ముప్పై పొరల్లో ఒక్కటి వంకర పోయినా చాలు. రేకుల్ని చాపలా చుట్టేసే పద్ధతి దీనికన్నా వేగం, చవక. కాకపోతే మలుపుల దగ్గర పూత నలుగుతుంది, చదునైన పౌచ్‌లో, అంటే సెల్లు సంచిలో, జాగా వృథా అవుతుంది.

పేర్చాక కరెంటు బయటికి తీసే ట్యాబులు అతికించి, పౌచ్‌లో పెట్టి, ఎలక్ట్రోలైట్ పోస్తారు. దానికి తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే డ్రై రూమ్: మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిస్తే తప్ప చుక్క నీరు కట్టనంత పొడి గాలి. మనిషి ఊపిరిలోని తడి కూడా అక్కడ బరువే కాబట్టి లోపల ఎందరుండాలో లెక్క ఉంటుంది. కార్తెల వానల్లో తిరుపతి పక్కనున్న రేణిగుంట వైపు ఆ గాలిని ఆరబెట్టడానికయ్యే కరెంటు చిన్నది కాదు. ఆపై మొదటి ఛార్జింగు నెమ్మదిగా చేస్తారు. పుట్టిన గ్యాసు పక్క సంచిలోకి వెళ్తే ఆ సంచిని కోసి మళ్ళీ సీలు వేస్తారు. తరువాత రోజుల తరబడి అరల్లో ఉంచి, దానంతటదే వోల్టేజి దిగిపోయేవాటిని ఏరేస్తారు. ఈ ఏరివేత కోసమైనా నేను 365ను అనుమానిస్తాను.

చరిత్ర కావాలంటారు కాబట్టి: 1800లో వోల్టా లోహపు బిళ్ళలు, ఉప్పునీటి గుడ్డ ముక్కలు దొంతరగా పేర్చాడు. 1859లో ప్లాంటే సీసపు రేకులు చుట్టాడు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. 2019లో గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ వచ్చింది.

తిరుపతికి ఈ పేర్పు కొత్త కాదు. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా, కరకంబాడిలో దశాబ్దాలుగా సీసపు ప్లేట్లు పేరుస్తూనే ఉంది. గాజు నూలు సెపరేటర్‌ను ప్లేట్ల మధ్య అదిమి, ఆరు గదులు కలిపి 12 వోల్టులు. అక్కడా సాధారణంగా నెగటివ్ ప్లేటు ఒకటి ఎక్కువే, కారణం మాత్రం వేరు. పాజిటివ్ ప్లేటు ఒకవైపే పనిచేస్తే వంగిపోతుంది. 2021లో కాలుష్య నియంత్రణ మండలి ఈ ఫ్యాక్టరీలకు మూసివేత ఉత్తర్వులివ్వడం, హైకోర్టు వాటిని నిలిపివేయడం జిల్లాలో అందరికీ గుర్తే. అదే సంస్థ లిథియానికి 16 గిగావాట్ అవర్ల లక్ష్యం పెట్టుకుని తెలంగాణలోని మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిని ఎంచుకుంది. మన 270కి దాదాపు అరవై రెట్లు. చిత్తూరువాడిగా నాకది కొంచెం గుచ్చుకుంటుంది.

బాక్స్: రేణిగుంటలో విమానం ఎక్కేవారికి

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. అనుమతి అడగకుండా తీసుకెళ్ళే పరిమితి 100 వాట్ అవర్లు. పైన రాసిన మిల్లీఆంపియర్ అవర్లను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 అయితే 74, పర్లేదు. 30,000 అయితే 111, విమాన సంస్థ అనుమతి అడగాల్సిందే. ఉబ్బిన పవర్ బ్యాంకును నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగు పెట్టకండి. ఇంటి చెత్తలోనూ వేయకండి: 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారుదే.