వచ్చిన లెక్కే... ఎందుకు తప్పుతోంది?

సూత్రాలన్నీ నోటికి వచ్చు. పక్కింటి పిల్లలకు తనే చెబుతాడు. పరీక్షలో మాత్రం ప్లస్ బదులు మైనస్, 16 బదులు 61! ‘సిల్లీ మిస్టేక్స్’ అని మనం కొట్టిపారేసే ఈ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో తెలిస్తే వాటిని తగ్గించడం కష్టమేమీ కాదు.

స్లిప్ టెస్ట్ పేపరు ఇంటికొస్తుంది. 25కి 17. పోయిన ఎనిమిది మార్కుల్లో రాని లెక్క ఒక్కటీ లేదు. ‘ఇంత తేలికైంది ఎలా తప్పు చేశావురా?’ అంటాడు నాన్న. ‘కాస్త మనసు పెట్టి చెయ్యి’ అంటుంది అమ్మ. పిల్లాడు తలూపుతాడు. తర్వాతి పరీక్షలోనూ అదే కథ. లెక్కలు బాగా వచ్చే పిల్లలున్న చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

నిజానికి ‘జాగ్రత్తగా చెయ్యి’ అన్న మాట విన్నాక పిల్లాడు పెన్ను పట్టుకుని కొత్తగా ఏం చేయాలి? అది ఎవరూ చెప్పరు. పైగా రాని లెక్క తప్పితే ఓదార్పు దొరుకుతుంది, వచ్చిన లెక్క తప్పితే తిట్లు పడతాయి. కొన్నాళ్లకు పేపర్లు దాచేయడం మొదలవుతుంది. ఇంకొన్నాళ్లకు ‘నాకు లెక్కలు అచ్చిరావు’ అనే మాట వస్తుంది. మార్కులు పోవడం కన్నా పెద్ద నష్టం అదే.

చురుకుదనమే చిక్కు

విచిత్రమేమిటంటే చురుకైన పిల్లలకే ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది. తలలోనే రెండు మూడు మెట్లు దాటేయగలరు కాబట్టి దాటేస్తారు. కానీ మనసులో ఒకేసారి నిలుపుకోగలిగేవి కొన్నే. ఏడుకు కాస్త అటూ ఇటూ అని అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. అసలు నాలుగు వరకేనని తర్వాత కొందరు పరిశోధకులు తేల్చారు. ఆ కాస్త చోటులోనే అంకెలు, గుర్తులు, తర్వాతి మెట్టు... అన్నీ ఇరుక్కోవాలి. ఎక్కడో ఒక మైనస్ జారిపోతుంది.

20-(8-3)నే చూడండి. బ్రాకెట్ విప్పితే 20-8+3, అంటే 15. తొందరలో 20-8-3 అని రాస్తే 9. అదే బీజగణితంలో అంకెల పక్కన అక్షరాలు చేరితే ఈ తప్పు కంటికి కూడా ఆనదు.

తప్పులకో ఖాతా

ముందుగా పాత పరీక్ష పేపర్లు నాలుగైదు తీసుకోండి. ఒక నోట్‌బుక్కులో గళ్లు గీయండి. గుర్తు తప్పింది, అంకె ఎక్కించడంలో తప్పింది, ప్రశ్న సరిగ్గా చదవలేదు, ప్రమాణాలు మార్చలేదు, కూడికలో లేదా ఎక్కంలో తప్పింది, అసలు అర్థం కాలేదు... ఇలా ఆరు గళ్లు. పోయిన ప్రతి మార్కూ ఏ గడిలోకి వెళ్తుందో పిల్లలనే నిర్ణయించనివ్వండి.

చాలాసార్లు తప్పులన్నీ ఒకటి రెండు గళ్లలోనే పోగుపడతాయి. అప్పుడు ‘నాకు తొందరెక్కువ’ అనే మాట పోయి, ‘బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే తప్పుతున్నాను’ అనే మాట వస్తుంది. దీనికి మందుంది!

చివరి గడిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. (5+3)²ను విప్పమంటే ప్రతిసారీ 25+9 అని రాస్తుంటే అది పరధ్యానం కాదు, పాఠం అర్థం కాలేదన్నమాట. 8 వర్గం 64 కదా, 34 ఎలా వచ్చిందని అడిగితే తనకే వెలుగుతుంది.

ఏ తప్పుకు ఏ మందు?

గుర్తు తప్పుతుంటే... బ్రాకెట్ విప్పేటప్పుడు ఆ ఒక్క మెట్టునూ తప్పకుండా కాగితం మీద రాయాలి. మిగతావి తలలో చేసినా ఫర్వాలేదు. ప్రతి మెట్టూ రాయమంటే చురుకైన పిల్లలకు విసుగొస్తుంది.

అంకెలు మారిపోతుంటే... వరసకు ఒకే మెట్టు, సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి. రఫ్ వర్కుకూ ప్రశ్న నంబరు వేసి గీత కొట్టుకోవాలి. 1, 7లా, 6, 0లా కనిపిస్తే రాత మార్చుకోవాలి. బోర్డు మీది అంకెలే తరచూ తప్పుగా దిగుతుంటే ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి.

ప్రశ్న చదవడంలో తప్పుతుంటే... అడిగిందేమిటో దాని కింద గీత గీయాలి. ‘వ్యాసం 14 సెంటీమీటర్లు, వృత్త వైశాల్యమెంత?’ అన్నప్పుడు 14నే వ్యాసార్ధంగా తీసుకుంటే 616 వస్తుంది. సరైన జవాబు 154 చదరపు సెంటీమీటర్లు. జవాబు రాశాక మళ్లీ ఆ గీత దగ్గరికెళ్లి ‘అడిగింది ఇదేనా?’ అని చూసుకుంటే చాలు.

సరిచూడటమూ ఒక విద్యే

చేసిన లెక్కనే పైనుంచి కిందికి మళ్లీ చదివితే కన్ను అదే తప్పును మళ్లీ ఒప్పేసుకుంటుంది. అందుకే వేరే దారిలో రావాలి. ఒక సంఖ్యకు మూడు రెట్లలోంచి 7 తీసేస్తే 11, ఆ సంఖ్య ఎంత? జవాబు 6 వస్తే దాన్నే ప్రశ్నలో పెట్టి చూడాలి. 18 లోంచి 7 పోతే 11. సరిపోయింది!

ఉజ్జాయింపు మరో ఆయుధం. 49.8ని 21తో గుణిస్తే సుమారు వెయ్యి రావాలి. 104.58 వచ్చిందంటే దశాంశ బిందువు జరిగిందని లెక్కతో పనిలేకుండానే తెలిసిపోతుంది.

గుణకారాలకు తొమ్మిదుల పరీక్ష ఉండనే ఉంది. 347×26=9022. 347లో అంకెలు కూడితే 14, మళ్లీ కూడితే 5. 26కి 8. ఐదెనిమిదులు 40, అంటే 4. అటు 9022కి 13, అంటే 4. రెండూ కలవకపోతే లెక్క తప్పినట్టే. అయితే 9022ను 9202 అని తారుమారుగా రాస్తే ఇది పట్టుకోలేదు. అందుకే ఉజ్జాయింపునూ తోడు పెట్టుకోవాలి.

ఈ అలవాటు చిన్న తరగతుల్లోనే పడితే మేలు. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే వచ్చిన లెక్క తప్పితే ఐదు మార్కుల తేడా. పైగా ఆబ్జెక్టివ్ పరీక్షల్లో 154 పక్కనే 616 కూడా కాచుకుని ఉంటుంది!

గడియారం తర్వాత...

ఇంట్లో సాధనకు మొదట గడియారం వద్దు. పది లెక్కలివ్వండి. ఎంతసేపైనా పట్టనివ్వండి, పదీ ఒప్పు కావాలి. అది కుదిరాకే సమయం కొద్దికొద్దిగా తగ్గించండి. పరీక్షలో చివరి పది నిమిషాలు సరిచూడటానికే. అదీ ఖాతాలో ఏ గడి నిండిందో ఆ రకం తప్పు కోసమే వెతకాలి. అన్నీ వెతికితే ఏదీ దొరకదు.

తప్పు దొరికినప్పుడు మీరే చూపించేయకండి. ‘ఈ అయిదు వరసల్లో ఒక తప్పుంది, పట్టుకో’ అనండి. అది ఆటలా ఉంటుంది. పట్టుకోవడమూ అలవాటవుతుంది.

పెద్దపెద్దవాళ్లకూ ఇవి తప్పలేదు. 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి గల్లంతైంది. ఒక బృందం పౌండ్ల కొలమానంలో ఇచ్చిన అంకెలను ఇంకో బృందం న్యూటన్లుగా లెక్కేసుకోవడమే కారణం. ప్రమాణాలు మార్చని గడి అన్నమాట! వాళ్లకు లెక్కలు రాక కాదు, ఆ తేడాను పట్టుకోవాల్సిన సరిచూపు ఎక్కడా పట్టుకోలేకపోయింది.

ఈసారి పేపరు ఇంటికొచ్చినప్పుడు మార్కుల కన్నా ముందు మరో ప్రశ్న అడిగి చూడండి. ‘పరీక్ష హాల్లో నువ్వే పట్టుకుని సరిదిద్దుకున్న తప్పు ఏదైనా ఉందా?’ ఉందని చెబితే... భుజం తట్టాల్సిన సమయం అదే!