అన్నం మానే ముందు డాక్టరును అడగాలి

వైరా: జలాశయం కింద వరి పండే ఈ ప్రాంతంలో షుగరు రోగి అన్నం మానడమంటే చిన్న మాట కాదు. అయినా వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పథ్యం 2018 ప్రాంతంలో తెలుగునాట మారుమోగింది. అన్నం, చపాతీ, పండ్లు, చక్కెర మాని, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నెయ్యి వంటి కొవ్వు తీసుకోవాలన్నది అందులో ముఖ్యాంశం.

పిండిపదార్థం తగ్గితే రక్తంలో చక్కెర తగ్గే మాట నిజమే. 1921లో ఇన్సులిన్ కనుగొనక ముందు వైద్యులు దాదాపు ఇలాంటి పథ్యమే పెట్టేవారు. అయితే ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతూ ఒక్కసారిగా అన్నం మానితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు వచ్చి స్పృహ తప్పవచ్చు. అలాగని మందు సొంతంగా ఆపినా ప్రమాదమే. కనుక ముందుగా డాక్టరు చేత మోతాదు సరిచేయించుకోవాలి. వణుకు మొదలైతే స్పృహ ఉండగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి.