పేపర్ డెవలపర్‌లో ఫిల్మ్ కడగొచ్చా?

కడగొచ్చు. కోడక్ డీ-72 ఫార్ములా పేపర్‌కే కాదు, ఫిల్మ్‌కీ ప్లేట్లకీ కూడా పనికొచ్చేలా వచ్చింది. ప్యాకెట్‌లో దొరికే డెక్టాల్ దాదాపు అదే మందు. అయినా ఆ మాటంటే డార్క్‌రూమ్ పెద్దలు మొహం చిట్లిస్తారు. ఎందుకో లెక్కలో చూద్దాం.

లీటరు డీ-72 స్టాక్‌లో మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడా (సోడియం కార్బొనేట్ మోనోహైడ్రేట్) 80, పొటాషియం బ్రోమైడ్ 2. ఫిల్మ్ కోసమే పుట్టిన డీ-76లో మెటాల్ 2, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, వెలిగారం 2 గ్రాములు. అక్కడ 80 గ్రాముల సోడా, ఇక్కడ చిటికెడు వెలిగారం. అసలు తేడా ఈ క్షారంలోనే ఉంది. డీ-72 పీహెచ్ 10 దాటుతుంది, డీ-76ది 8.5 దరిదాపుల్లో ఉంటుంది. పీహెచ్ అంత పెరిగితే హైడ్రోక్వినోన్‌కి పూనకం వస్తుంది.

ఆ దూకుడు పేపర్‌కి కావాలి. ట్రేలో ప్రింటు ఒకటి రెండు నిమిషాల్లో పూర్తి నలుపు తెచ్చుకుంటుంది, ఇంకాసేపు ఉంచినా పెద్దగా మారదు. ఫిల్మ్ అలా కాదు, దాన్ని మనం దారి మధ్యలో ఆపేస్తాం. దూకుడు మందులో ఆపడం అర నిమిషం ఆలస్యమైతే చాలు, ఆకాశమూ తెల్లచొక్కా నెగటివ్‌లో దట్టంగా నల్లబడతాయి. ప్రింటుకొచ్చేసరికి అక్కడ ఉత్త తెల్ల కాగితమే మిగులుతుంది.

దీనికి విరుగుడు నీళ్లే. 1 వంతు స్టాక్‌కి 9 వంతుల నీళ్లు కలిపితే లీటరులో మెటాల్ 0.3 గ్రాము, హైడ్రోక్వినోన్ 1.2, సోడా 8 గ్రాములే ఉంటాయి. వేగం అదుపులోకి వస్తుంది. కాకపోతే సల్ఫైట్ కూడా 4.5 గ్రాములకు పడిపోతుంది. డీ-76లోని 100 గ్రాముల సల్ఫైట్ వెండి లవణపు రేణువుల అంచుల్ని కాస్త కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు, గ్రెయిన్ గరుగ్గా నిలబడుతుంది.

అదెంత కంటికి కొడుతుందన్నది నెగటివ్ సైజును బట్టి ఉంటుంది. 35 ఎం.ఎం. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. దాన్ని 8×10 అంగుళాల ప్రింటుగా వేస్తే వైశాల్యం దాదాపు 60 రెట్లవుతుంది. 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్‌కైతే 4 రెట్లే. అందుకే పెద్ద నెగటివ్‌ల వాళ్లకు ఈ గ్రెయిన్ గొడవే లేదు. ఇల్‌ఫర్డ్ పీక్యూ యూనివర్సల్‌ కూడా పేపర్‌కీ షీట్ ఫిల్మ్‌కీ రెండింటికీ ఉద్దేశించిన మందే.

ఖర్చు చూస్తే నోరూరుతుంది. ఒక 35 ఎం.ఎం. రీలు ట్యాంకుకి 290 మిల్లీలీటర్లు కావాలి. అందులో స్టాక్ 29, నీళ్లు 261. లీటరు స్టాక్‌తో 34 రీళ్లు కడగొచ్చు. వాడిన మందు మళ్లీ దాచకండి, పారబోయండి. 20 డిగ్రీల దగ్గర 5 నిమిషాలతో మొదలుపెట్టి, నెగటివ్ చూసుకుని పెంచడమో తగ్గించడమో చేయండి. 5 కన్నా తగ్గించాల్సి వస్తే సమయం కాకుండా మందు పలచన చేయండి, లేకపోతే ఫిల్మ్ మీద చారలు పడతాయి. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి కాబట్టి, ముందే మందునీ ట్యాంకునీ ఐసు నీళ్ల తొట్టిలో పెట్టుకోండి. పేపర్ అలవాటుతో ఎర్ర బల్బు మాత్రం వేయకండి. ఇప్పటి ఫిల్మ్‌లు చాలావరకు ఎరుపును కూడా చూస్తాయి.

35 ఎం.ఎం. పెళ్లి రీలుకైతే నేనీ మందు వాడను. నెగటివ్ పెద్దగా ఉండే 120 ఫిల్మ్‌కైతే వెనకాడను.