ముగింపు మనకే వదిలేసిన కథలు

పొద్దున్నే ఆరింటికి పనిలోకి దిగారు మీరు. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ నడుం ఎత్తకుండా కష్టపడ్డారు. సాయంత్రం ఐదింటికి వచ్చి, గంటసేపు చెయ్యేసినవాడికీ మీకూ సమానంగా కూలి ఇస్తే... ఒళ్లు మండదూ!

రెండు వేల ఏళ్ల క్రితం ఏసుక్రీస్తు ఈ కథ చెప్పినప్పుడు విన్నవాళ్లకీ అలాగే అనిపించి ఉంటుంది. విత్తనాలు, ద్రాక్షతోటలు, తప్పిపోయిన గొర్రె, పోగొట్టుకున్న నాణెం... ఆయన ఉపమానాలన్నీ ఇలాంటి మామూలు సంగతులే. దేవుడి దయ గురించీ మనిషి ఎదుగుదల గురించీ చెప్పడానికి ఆయనకు అవి చాలు. విచిత్రమేంటంటే, వాటిలో కొన్నింటికి ముగింపు ఉండదు!

పక్కవాడి కూలి

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉంటుందీ కథ. ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే వెళ్లి కొందరు కూలీలను పిలుచుకొస్తాడు. రోజుకి ఒక దేనారం ఇచ్చేలా ఒప్పందం. దేనారం అంటే రోమన్ల వెండి నాణెం, అప్పట్లో ఒక రోజు కూలి. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ వెళ్లి ఇంకొందరిని తెస్తాడు. ఐదింటికి వెళ్లినా అక్కడ కొందరు నిలబడే ఉంటారు. ఎందుకిలా ఖాళీగా ఉన్నారంటే, మమ్మల్నెవరూ పనికి పిలవలేదంటారు.

సాయంత్రం చివర వచ్చినవారితో మొదలుపెట్టి, అందరికీ తలా ఒక దేనారం ఇస్తాడు యజమాని. పొద్దున్నే వచ్చినవాళ్లు గొణుగుతారు. ఒప్పుకున్న కూలి మీకిచ్చాను కదా, నేను మంచిగా ఉంటే మీకెందుకు బాధ అంటాడాయన.

నిజమే, వాళ్లకి పైసా తగ్గలేదు. వాళ్ల కడుపుమంటంతా పక్కవాడికి దక్కినందుకే. కానీ గంట పనికి గంట కూలే ఇస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలుగుతుందా? యజమాని గంటలు లెక్కపెట్టలేదు, అవసరం చూశాడు. కృప అంటే అదే. మరి ఆయన ప్రశ్నకి కూలీలు ఏం జవాబిచ్చారు? కథలో లేదు.

గుమ్మం బయట అన్న

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ చాలామందికి తెలిసిందే. తండ్రి బతికుండగానే ఆస్తి పంచుకుని దూరదేశం వెళ్లిన చిన్నకొడుకు, అంతా తగలేసి పందులు మేపే స్థితికొస్తాడు. యూదులకు పంది అపవిత్రం. అంతకన్నా దిగజారడానికి ఇంకేముంది? ‘నన్ను నీ కూలీల్లో ఒకడిగా పెట్టుకో’ అని అడగాలని మాటలు కూడబలుక్కుని ఇంటిదారి పడతాడు. దూరం నుంచే చూసిన తండ్రి పరుగెత్తుకెళ్లి కౌగిలించుకుంటాడు. కొడుకు తప్పు ఒప్పుకుంటాడు కానీ, ఆ కూలీ మాట బయటికి రాకముందే కొత్త బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని తండ్రి పనివాళ్లకి పురమాయిస్తాడు.

అక్కడితో అయిపోతే సినిమా కథే! కానీ పెద్దకొడుకు ఉన్నాడుగా. పొలం నుంచి వచ్చి, విందు సంగతి తెలిసి, లోపలికి రానంటాడు. తమ్ముడు అనడానికి కూడా మనసొప్పక ‘నీ కొడుకు’ అంటాడు. ‘నీ తమ్ముడు’ అని గుర్తుచేస్తాడు తండ్రి. చిన్నవాడికోసం పరుగెత్తిన ఆ తండ్రే పెద్దవాడికోసం గుమ్మం దాటి బయటికొచ్చి బతిమాలతాడు. ఒకడు ఇల్లు వదిలి దూరమైతే, ఇంకొకడు ఇంట్లోనే ఉండి దూరమయ్యాడు.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ జీవితపు చివరి రోజుల్లో ఈ కథని బొమ్మగా గీశాడు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉందది. మోకాళ్లమీద కొడుకు, అతని భుజాలమీద తండ్రి చేతులు. పక్కన చేతులు కట్టుకుని చూస్తున్న మనిషిని పెద్దకొడుకనే చాలామంది అంటారు. అతను చివరికి లోపలికి వెళ్లాడా? అదీ కథలో లేదు.

ఇంకొక్క ఏడాది

దయ చూపితే ఇక కష్టపడక్కర్లేదా? దానికి జవాబు లూకా 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు. మూడేళ్లుగా కాయలేదు, నరికేయమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువేస్తానంటాడు తోటమాలి. గడువు దొరకడం దయ. కానీ ఆ గడువులో గడ్డపార దెబ్బలూ ఉన్నాయి, పెంట ఎరువూ ఉంది. మనసు ఎదగడమూ అంతే. గట్టిపడిన అలవాట్లను తవ్వుతున్నప్పుడు నొప్పిగానే ఉంటుంది. అలాగని తోటమాలి కాయలు కాయించలేడు. కాయాల్సింది చెట్టే.

మరుసటి ఏడాది కాసిందా? ఏసు చెప్పలేదు. కూలీల జవాబు, అన్న నిర్ణయం, చెట్టు కాపు... మూడూ వినేవాళ్లకే వదిలేశాడు. పక్కవాడికి మంచి జరిగినప్పుడు మన మొహం ఎలా ఉంటుందో, తప్పుచేసి తిరిగొచ్చినవాణ్ని ఏమని పిలుస్తామో ఒక్కసారి గమనించుకుంటే చాలు, మన కథ ఎటు వెళ్తోందో తెలిసిపోతుంది. ఒకటి మాత్రం మర్చిపోకూడదు... చెట్టుకు తోటమాలి అడిగిన గడువు ఒక్క ఏడాదే.