అమ్మీ జ్ఞాపకం ఉండగానే: పెద్ద వయసులో ఆటిజం పరీక్ష

ఈ ఏడాది ఖర్చుల పట్టికలో ఒక పద్దు దగ్గర కొందరు దాతలు ఆగారు. ‘ఆటిజం పరీక్ష – ప్రయాణం, తోడు మనిషి, కూలి నష్టం.’ మందుల ఖర్చు లేదు, ఆపరేషన్ లేదు. వెళ్ళినవారు ముప్పై, నలభై ఏళ్లవారు. “అది చిన్నపిల్లల సంగతి కదా, ఈ వయసులో పరీక్ష దేనికి?” అని జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల మీదే అడిగారు. అడగడం వారి హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత.

ఆటిజం మధ్యలో వచ్చే జబ్బు కాదు. పుట్టుకతో ఉండే మెదడు తీరు. చిన్నప్పుడు ఉంటే పెద్దయ్యాకా ఉంటుంది. ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించడం, మాట వెనుక మాటను పట్టుకోవడం ఇలాంటివారికి కష్టం. రోజూ ఒకే పద్ధతి కావాలి. కొన్ని చప్పుళ్లు, వాసనలు, బట్టల తాకిడి భరించలేరు. కొందరికి మాటే రాదు, కొందరు డిగ్రీలు చదువుతారు. ఈ రెండో రకంవారే ఎవరి కంటా పడకుండా పెద్దవాళ్లయిపోతారు.

భద్రాచలం దారిలో ఒక పల్లెలో బండ్లు బాగుచేసే తమ్ముడి సంగతి చెబుతాం. వయసు ముప్పై నాలుగు. ఇంజన్ చప్పుడు విని లోపం చెప్పేస్తాడు. గిరాకీ “రేపు చూద్దాంలే భాయ్” అంటే మర్నాడు పొద్దున్నే షాపు తెరిచి అతని కోసం కూర్చుంటాడు. ఆ ‘రేపు’ రాని రేపని అతనికి తట్టదు. వలీమాకు వెళితే మైకు మోతకు చెవులు మూసుకుని బయటికొచ్చేస్తాడు. ఇంట్లోవారు ‘అల్లా మియా కీ గాయ్’ అన్నారు, బజారువారు ‘తిక్కలోడు’ అన్నారు. గాలి సోకిందని తావీజు కట్టించారు. చివరికి, పెళ్లయితే కుదుటపడతాడని పెళ్లి చేశారు.

ఆ కుటుంబం మా దగ్గరికి పరీక్ష కోసం రాలేదు, ఖులా పంచాయతీకి వచ్చింది. “కొట్టడు, తిట్టడు, తాగడు. కానీ నేను ఏడ్చినా పక్కన కూర్చోడు” అంది కోడలు. అతను తల వంచుకుని, “ఏడుస్తుంటే కూర్చోవాలని ఎవరూ చెప్పలేదు” అన్నాడు. పెద్దల్లో కొందరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. పెళ్లి మందు అనుకుని చేసే పనిలో ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితం కూడా పణంగా పెడుతున్నామని ఆ రోజే అర్థమైంది.

ఇన్నేళ్లు ఎవరూ గుర్తించలేదేమని అడగవచ్చు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాని పేరెత్తింది. 2016 చట్టం వచ్చి, వైకల్యాల జాబితా 21కి పెరిగాకే హక్కుల చట్టంలో చోటు దొరికింది. ఇప్పుడు ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని చూస్తున్నారు గానీ అది పద్దెనిమిదేళ్లతో ఆగుతుంది. నడిమి తరం అటూ ఇటూ కాకుండా మిగిలిపోయింది.

ఇక పరీక్ష. రక్తం తీయరు, స్కానింగుతో తేలదు. మానసిక వైద్యుడో క్లినికల్ సైకాలజిస్టో మనిషితో మాట్లాడి, గమనించి, బాల్యం గురించి అడుగుతారు. ఎన్నో ఏట మాటలొచ్చాయి? పిలిస్తే తిరిగి చూసేవాడా? తోటి పిల్లలతో ఆడేవాడా, ఒక్కడే చక్రాలు తిప్పుతూ కూర్చునేవాడా? లక్షణాలు చిన్నతనం నుంచే ఉన్నాయని తెలియాలి. చెప్పగలిగేది ఎవరు? అమ్మీ. ఆమె లేకపోతే పెద్దక్క, ఖాలా. బడి రికార్డులు మన పల్లెల్లో ఎక్కడివి! పెద్ద వయసులో నిర్ధారణకు అసలు సాక్ష్యం డెబ్బై ఏళ్ల తల్లి జ్ఞాపకమే. అందుకే వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేయలేకపోయాం.

పైగా ఆమె ఉర్దూలో చెబుతుంది, డాక్టరు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకుంటారు. కొడుకే మధ్యలో తర్జుమా చేస్తే తన మీద తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు. తోడు మనిషి పద్దు ఇందుకే. చర్ల వైపు నుంచి ఖమ్మం వెళ్లి రావడానికి రోజంతా పడుతుంది. హైదరాబాదు అయితే భద్రాచలం నుంచే మూడు వందల కిలోమీటర్ల పైమాట. ‘భద్రాచలం రోడ్’ అని రైల్వే స్టేషను ఉంది గానీ అది కొత్తగూడెంలో ఉంది, కొత్తవారు మోసపోతుంటారు. ఎర్రగడ్డ పేరు చెబితే మాత్రం సగం మంది ప్రయాణమే మానుకుంటారు. పిచ్చివాడనే ముద్రకు అంత భయం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నిర్ధారణ జరిగినంత మాత్రాన సర్టిఫికెట్, పింఛను వస్తాయని అనుకోవద్దు. సర్టిఫికెట్ కోసం వాడే ఇసా అనే కొలతను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థే తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆ లెక్కలో ఆటిజం లేనట్టే. మాట వచ్చి, పని చేసుకునే పెద్దవారు ఆ గీత కిందే ఉండిపోవచ్చు. వెళ్ళిన అందరికీ ఆటిజమే తేలలేదు కూడా. ఒకరిది వినికిడి లోపమని బయటపడింది, అదీ మంచిదే అయింది.

మరి లాభం ఏమిటి? ఆ తమ్ముడికి ఆటిజమేనని తేలింది. మందు రాయలేదు. కోడలికి డాక్టరు గంటసేపు వివరించారు. ఆమె ఉంటుందా వెళుతుందా అన్నది ఆమె నిర్ణయమని మేం ముందే చెప్పాం. ప్రస్తుతానికి ఉంది. కావలసింది నోటితో అడుగుతోంది, అడిగితే అతను చేస్తున్నాడు. షాపులో గిరాకీలు తేదీ రాసి వెళుతున్నారు. మసీదులో స్పీకరుకు దూరంగా, తలుపు పక్కన అతనికి చోటు ఉంచారు.

ప్రపంచంలో ఆటిజం నిర్ధారణ అయిన మొదటి వ్యక్తి డొనాల్డ్ ట్రిప్లెట్. డాక్టర్ లియో కానర్ 1943లో ఆయన గురించి రాశారు. అమెరికాలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో (పేరు కలిసింది, మనదీ అడవి అంచే) బ్యాంకులో పనిచేస్తూ, ఊరంతా ఎరిగినవాడిగా బతికి, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన వెనుక డబ్బున్న కుటుంబం ఉంది. మనవాళ్ల వెనుక ఉన్నది జమాత్.

ఈ పద్దులో జకాత్ సొమ్ము అర్హులైన పేద ఇళ్లకే వెళ్లింది, మిగతావారికి లిల్లాహ్ నిధి నుంచి ఇచ్చాం. ఈ ఏడు ఇంకో చిన్న పని మొదలుపెట్టాం. అనుమానం ఉన్న ఇళ్లకు మా సోదరీమణులు నోటుబుక్కు పట్టుకుని వెళ్లి, తల్లులు చెప్పింది చెప్పినట్టు ఉర్దూలో రాసుకుని, డాక్టరు కోసం తెలుగులోకి మారుస్తున్నారు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లగలిగినా ఆ కాగితం ఉంటుంది. మొన్న పాల్వంచ దగ్గర ఒక అమ్మీ రెండు గంటలు చెప్పింది. “ఇన్నేళ్లలో వాడి చిన్నతనం గురించి నన్ను అడిగింది మీరే” అని, టీ తాగకుండా కదలనివ్వలేదు.