తోట ట్రాక్టర్ల ఆనవాళ్ళు

అమెరికా సంయుక్త రాష్ట్రముల పల్లెపట్టులలో వృద్ధుడైన రైతు సేద్యము మానుకొనినపుడు అతని సామగ్రినంతయు వేలము వేయుట పరిపాటి. అట్టి వేలములలో ఏ కొట్టము మూలనో చిన్న ట్రాక్టరొకటి త్రుప్పుపట్టి పడియుండును. నడుమెత్తు మించని యంత్రము. ఒక్కరు కూర్చుండుటకు ఇనుప పీఠము. గాలి లేక కృంగిన చక్రములు. పాత యినుము వర్తకుడు దానిని తూకమునకు అడుగును. ఇంతలో వేరొకడు వంగి, చేతిగుడ్డతో మడ్డిని తుడిచి, ఇంజను రేకుపై పొడిచియున్న అంకెలను కూడబలుకుకొని చదువును. ఆ అంకెలు అతనికి అర్థమైనచో యంత్రము అతని యింటికి పోవును. కానిచో కొలిమికి పోవును.

ఇట్టి యంత్రములను తోట ట్రాక్టర్లందురు. వందల ఎకరముల పొలము దున్ను పెద్ద ట్రాక్టరునకును, పచ్చికను మాత్రమే కోయు చిన్న బండికిని ఇది నడిమిది. ఒకటి రెండెకరముల పెరడు గలవాడు దీనితోనే దున్నును, కలుపు తీయును, పచ్చిక కోయును, శీతకాలమున వాకిటిలో కురిసిన మంచును త్రోసివేయును. పనినిబట్టి పరికరమును మార్చుకొనుటయే దీని ప్రత్యేకత. తెలుగు రైతు ఒకే కాడికి ఒకనాడు నాగలిని, ఒకనాడు గుంటకను, ఒకనాడు గొఱ్ఱును కట్టుట వంటిదే యిదియు. ఎడ్లకు బదులు ఇంజను గలదు.

తొలినాటి తోటయంత్రములకు పీఠము లేదు. నడపువాడు మేడి పట్టినట్లు రెండు పిడులు పట్టుకొని వెనుక నడువవలసినదే. 1910ల దశకమున పశ్చిమ వర్జీనియా రాష్ట్రములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్లీ అనునతడు చేతితో త్రోయు నాగలికి మోటారుసైకిలు ఇంజనును బిగించి ఒక యంత్రమును కూర్చెను. అతని వృత్తి ఛాయాచిత్రములు తీయుట! నాగలికి క్రొత్త రూపమిచ్చినవాడు రైతు కాకపోవుట వింతయే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా నగరముల చుట్టును విశాలమైన పెరళ్ళతో ఇండ్లు వెలసెను. 1946లో ఇండియానా రాష్ట్రమందలి సౌత్ బెండ్ పట్టణమున ఎల్మర్ పాండ్, అతని కుమారుడు సెసిల్ పాండ్ తమ కారు కొట్టములోనే చిన్న ట్రాక్టర్ల నిర్మాణమునకు పూనుకొనిరి. అవియే పిమ్మట ‘వీల్ హార్స్’ అను పేర ప్రసిద్ధములాయెను. పెక్కు గుఱ్ఱములను పూన్చిన బండిలో చక్రములకు దగ్గరగా నిలిచి, బరువంతయు లాగు గుఱ్ఱమునకు ఆంగ్లమున ఆ పేరు. పెద్ద సంస్థలు కొంతకాలము ఈ చిన్న యంత్రములను ఉపేక్షించి, ఆలస్యముగా మేల్కొనెను. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1960లో ‘కబ్ కాడెట్’ను, జాన్ డీర్ సంస్థ 1963లో ‘110’ అను నమూనాను వెలువరించెను. బోలెన్స్, సింప్లిసిటీ, కేస్ మొదలగు సంస్థలును పోటీలో నిలిచినవి. నేటి సంగ్రాహకులు మిక్కిలిగా వెదకునవి ఆ కాలపు యంత్రములే.

వెదకుట యొక ఎత్తు, గుర్తించుట యొక ఎత్తు. అరువది యేండ్లు ఎండకు ఎండి వానకు తడిసిన యంత్రముపై పేరు నిలువదు. అంటించిన చీటి రాలిపోవును. బిగించిన రేకు ఊడిపోవును. పైగా ఏ యజమానియో చేతికందిన రంగు పూసియుండును. కావున చూచిన మరుక్షణమే ‘ఇది ఫలానా సంవత్సరపుది’ అని పలుకువాని మాట నమ్మదగినది కాదు. శాసనపరిశోధకుడు లిపి తీరును బట్టి కాలమును నిర్ణయించునట్లు, సంగ్రాహకుడు అంకెలను, అవయవములను పోల్చి చూచి నిర్ణయింపవలెను.

వీల్ హార్స్ వారి అంకెలు కొంత సులభములు. 1961 మొదలు 1967 వరకు వారి పెక్కు నమూనాలలో కడపటి అంకె సంవత్సరమును, మొదటి అంకె అశ్వశక్తిని తెలుపును. ‘701’ అనగా 7 అశ్వశక్తులు గలది, 1961 నాటిది. ‘854’ అనగా 8 అశ్వశక్తులది, 1964 నాటిది. ‘1054’ అనుచోట మొదటి రెండంకెలు కలిపి 10గా చదువవలెను. అంతకు పూర్వము ‘ఆర్.జె.–58’, ‘ఆర్.జె.–59’ అని సంవత్సరమునే పేరునకు చేర్చిరి. ఇది తెలిసినవాడు ‘ఆర్.జె.–35’ను చూచి ఎగిరి గంతు వేయరాదు. 1935 నాటికి ఆ సంస్థ పుట్టనే లేదు గదా! అది 1950ల నడుమ వచ్చిన యంత్రము. 1968లో ‘ఛార్జర్’, ‘రైడర్’, ‘కమాండో’ అను పేర్లు వచ్చుటతో ఈ తాళపుచెవి పనికిరాకపోయెను.

ఇంజనుకు వేరే భాష కలదు. తోట ట్రాక్టర్ల నిర్మాతలలో పెక్కుమంది ఇంజనును స్వయముగా చేయక, ఇతరులయొద్ద కొనెడివారు. మిల్వాకీ నగరమునకు చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ తన ఇంజనులపై తయారైన తేదీని అంకెలలో పొడిచెడిది. ‘68091407’ అని యున్నదనుకొందము. మొదటి రెండంకెలు 1968వ సంవత్సరము, తరువాతి రెండు తొమ్మిదవ నెల, ఆ పిదప రెండు 14వ తేదీ. మిగిలినవి కర్మాగారమునకు సంబంధించినవి. ఇంత స్పష్టముగా ఉన్నను తొందరపడరాదు. అది ఇంజను పుట్టిన దినమే గాని ట్రాక్టరు పుట్టిన దినము కాదు. 1962 నాటి ట్రాక్టరుపై 1975 నాటి ఇంజను కనబడినచో, మొదటిది చెడిపోగా మార్చిరని తెలియవలెను. అంకెలు గల ఆ పైరేకును ఒక ఇంజను నుండి తీసి వేరొకదానికి తొడుగుటయు కష్టము కాదు. రేకు నిజమే చెప్పుచుండవచ్చును. కాని అది మరియొక ఇంజనును గూర్చిన నిజము.

కోలర్ సంస్థ వారి ‘కె’ తరగతి ఇంజనులలో మోసమునకు ఇంకను చోటు గలదు. ‘కె–241’ అనుదానిలో మొదటి రెండంకెలు సిలిండరు లోపలి పరిమాణము రమారమి 24 ఘనపుటంగుళములని తెలుపును. చివరి 1 సిలిండరు ఒక్కటియే యని తెలుపును. ఇది 10 అశ్వశక్తులది. ‘కె–301’ 12 అశ్వశక్తులది. పైకి చూచిన రెండును కవలపిల్లలు. రేకు ఊడిపోయినచో పదింటిని పండ్రెండని చెప్పి ఎక్కువ వెలకు అమ్మువారు లేకపోలేదు. అపుడు మాటలతో పనిలేదు. తలమూతను విప్పి సిలిండరు నోటిని కొలువవలెను. కె–241 నోరు మూడుంబావు అంగుళములు. కె–301 నోరు దానికంటె అంగుళములో ఎనిమిదవ వంతు ఎక్కువ. సందేహము తీర్చునది ఆ చిన్న యెడమే. పాత ఇంజనును ఒకమారు తొలిచి బాగుచేసినచో నోరు మరికొంచెము పెరిగియుండునని కూడ జ్ఞప్తి యుంచుకొనవలెను.

ఇక రంగు. రంగును నమ్మి చెడినవారే యెక్కువ. సింప్లిసిటీ సంస్థ తయారుచేసిన యంత్రమునే 1961 నుండి ఆలిస్–చామర్స్ సంస్థ ‘బి–1’ అను పేర తన రంగుతో అమ్మెను. పేరు రెండు, పుట్టినిల్లు ఒకటే. జాన్ డీర్ ట్రాక్టరనగా ఆకుపచ్చ దేహము, పసుపు చక్రములు అందరికిని తెలిసినవే. కాని 1969లో ఆ సంస్థ తెల్లని దేహమునకు ఎఱుపు, నారింజ, పసుపు, నీలి రంగుల బానెట్టును పీఠమును కూర్చి కొన్నింటిని విడుదల చేసెను. అవి ఎక్కువగా అమ్ముడుపోలేదు; కావుననే నేడు అరుదు. నీలి బానెట్టు గల తెల్ల యంత్రమును చూచి, ఎవరో పిచ్చిరంగు పూసిరని తలచి, శ్రమపడి గీకి, ఆకుపచ్చ పూసినవాని గతి యేమి? నిధిని తానే పూడ్చుకొనినట్లయినది. తెలిసినవాడు ముందుగా బోల్టుల క్రిందను, పీఠము అడుగునను, ఎండ సోకని మూలలను చూచును. తొలి రంగు అచ్చట దాగియుండును. ఆ సంస్థ ‘110’ నమూనాకు మాత్రము రంగు కంటె మడ్గార్డులే మంచి సాక్షులు: 1967 వరకు అవి గుండ్రన, 1968 నుండి పలకలు తేరినవి.

పరికరముల గుర్తింపు అన్నిటికంటె కష్టము. ట్రాక్టరునకు రేకైనను ఉండును. నాగలికి తరచుగా అదియు నుండదు. పచ్చిక కోయు పళ్ళెము, మంచు త్రోయు పలక, మట్టిని తిరుగవేయు నాగలి, పండ్ల గుంటక, నేలను గుల్లచేయు చక్రకత్తులు – ఇవి ట్రాక్టరు నుండి విడివడి ఏ చెట్టు క్రిందనో పడి, ఊరు పేరు లేని యినుమగును. కెంటకీ రాష్ట్రమందలి లూయీవిల్ నగరపు బ్రిన్లీ–హార్డీ సంస్థ నాగళ్ళను చేసి పలు ట్రాక్టరు సంస్థలకు ఇచ్చెడిది. ఒకే నాగలి ఒకచోట పసుపు, ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట ఎఱుపు పూసికొనెను. కావున నాగలి కఱ్ఱును గాక, ట్రాక్టరునకు తగులుకొను కొక్కెమును చూడవలెను. రంధ్రముల నడిమి దూరము, మేకు మందము, బెల్టు తిరుగు కప్పీల వరుస – ఇవియే దాని యింటిపేరు. 1971లో కబ్ కాడెట్ వారు తమ చట్రమును వెడల్పు చేసిరి. అంతకు ముందటి పళ్ళెములు పెక్కు క్రొత్తవాటికి తిన్నగా అమరవు. కొలత తీయక కొనినవాడు పళ్ళెమును కొట్టములో గోడకు ఆనించి చూచుకొనవలసినదే.

ఈ సంస్థలలో కొన్ని చేతులు మారినవి. కబ్ కాడెట్ 1981లో ఎం.టి.డి. సంస్థకును, వీల్ హార్స్ 1986లో టోరో సంస్థకును చెందెను. అందుచే సంగ్రాహకులు యంత్రములతోపాటు ఆనాటి భాగముల పట్టికలను, ప్రకటనపత్రములను గూడ భద్రపరచుచున్నారు. బొమ్మలో కొక్కెము కనబడినచో సగము పని తీరినట్లే.

యంత్రము చేతికి వచ్చిన పిమ్మట అద్దమువలె మెఱయునట్లు రంగు వేయవలెనా, వాడి వాడి అరిగిన రూపముననే ఉంచవలెనా యని వారిలో వాదము కలదు. ఉన్నదానిని ఉన్నట్లుంచుటయే మేలనవచ్చును. ఒకమారు గీకిన పాత రంగు, పాత అక్షరములు తిరిగి రావు. అయినను చట్రమునే తినివేయు త్రుప్పును చూచుచు ఊరకుండుటయు తగదు.

శరత్కాలమున కొన్ని చోట్ల సంగ్రాహకులు ఒక పొలము నెంచుకొని, తమ చిన్న ట్రాక్టర్లతో దున్నుటకు కూడుదురు. పది అంగుళముల నాగలి వెనుక నల్లని మట్టి తిరుగబడుచుండును. ఒక వెనుక చక్రము చాలులో దిగి నడుచును. అందు ఏ ఒక్కని నాగలియో మాటిమాటికి పైకి లేచి నేలను గీకి పోవుచున్నచో, ప్రక్క చాలువాడు ఇంజను నాపి దిగివచ్చి, వంగి చూచి, ‘అయ్యా, ఈ కొక్కెము మీ యంత్రమునది కాదు’ అని చెప్పి, దాని అసలు కొక్కెము ఎవరి కొట్టములో నున్నదో కూడ చెప్పిపోవును.