కాపలా కుక్కలకు టీకాలు: ఒక్క సూది చాలదు

పొలాల వద్ద, గొర్రెల మందల వెంట ఉండే కుక్కలకు వైద్య పరీక్ష జబ్బు చేసినప్పుడే గుర్తుకు వస్తుంది. టీకా వేయించే రైతులలోనూ చాలామంది కుక్కపిల్లకు ఒక్క సూదితో సరిపెడతారు. తరువాత అది పార్వో వ్యాధితో చనిపోతే టీకా పనిచేయలేదంటారు.

కారణం ముర్రుపాలలో ఉంది. తల్లి నుండి ముర్రుపాల ద్వారా సంక్రమించే ప్రతిరక్షకాలు తొలి వారాలలో పిల్లను కాపాడుతూనే, టీకాలోని వైరస్‌ను కూడా నిర్వీర్యం చేస్తాయి. ఏ పిల్లలో అవి ఎప్పుడు తగ్గుతాయో ముందుగా చెప్పలేము. అందుచేత పార్వో, డిస్టెంపర్ టీకాలను 6-8 వారాల వయస్సులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు 2-4 వారాల వ్యవధితో మరల మరల వేయించవలసి ఉంటుంది. రేబిస్ టీకాను 3 నెలలకు, ఆపై ఏటా వేయించాలి. జులై 6న, జూనోసిస్ దినం సందర్భంగా, పశువైద్యశాలలలో దీనిని ఉచితంగా వేస్తారు.

వరి మళ్ళలో తిరిగే కుక్కలకు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా అవసరం. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే ఈ వ్యాధి నాట్లు వేసే కూలీలకూ సోకుతుంది. ఈ టీకా రక్షణ సుమారు ఒక సంవత్సరమే. ఏటా వేయించక తప్పదు.

ఆ సందర్భంలోనే బరువు, పళ్ళు, చర్మం చూపించి, మల పరీక్ష చేయించాలి. గొర్రెల కాపరులు దీనిని అసలు మానరాదు. కోసిన గొర్రె కాలేయంలోని నీటి తిత్తులను తిన్న కుక్క పేగులలో ఎకైనోకాకస్ బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మనిషికి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తులలో అవే తిత్తులు ఏర్పడతాయి. దీనికి పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి.